పిల్లలు తగ్గుతున్న ఊళ్లో డీఎడ్ చదివించవచ్చా?

ప్రశ్న: మాది కోనసీమలో చిన్న ఊరు. ఇంటర్ పూర్తి చేసిన మా అమ్మాయి డీఎడ్ (ప్రాథమిక బడి టీచర్ల శిక్షణ కోర్సు) చదివి టీచర్ అవుతానంటోంది. మా మండల పరిషత్ బడిలో అయిదు తరగతులకూ కలిపి 19 మందే ఉన్నారు. పిల్లలే లేనప్పుడు పోస్టులు ఎక్కడ ఉంటాయి?

జవాబు: మీ సందేహం సహేతుకమే. రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే 1.7కు తగ్గింది, పుట్టిన ఆ కొద్దిమందిలోనూ స్తోమత గలవారి పిల్లలు ప్రైవేటు బడి బస్సు ఎక్కుతున్నారు. అయితే డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్షలో) ఖాళీలను జిల్లా మొత్తానికి లెక్కిస్తారు కాబట్టి మీ ఊరి బడి ఒక్కటే కొలమానం కాదు. పైగా విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. మూడు నుంచి అయిదు తరగతులను హైస్కూళ్లలో కలిపిన 117 జీవో కూడా 2025లో రద్దయింది. అదే ఏడాది మెగా డీఎస్సీలోని 16,347 పోస్టుల్లో ఆరు వేలకు పైగా ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టులే. నిజంగా భయపడవలసింది ఎదురుచూపుల గురించి: 2018 డీఎస్సీ తరువాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లోనే.

అంతకన్నా ముఖ్యంగా, ఆ 19 మంది ఎవరి పిల్లలో మీ అమ్మాయిని తెలుసుకోమనండి. ఇటువంటి బడుల్లో మిగిలేది ఎక్కువగా వ్యవసాయ కూలీల పిల్లలు, తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళితే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నవారు, చేపల చెరువుల మీద పనికి వచ్చి ఏడాది మధ్యలోనే మరో ఊరికి తరలిపోయే కుటుంబాలవారు. ఒకే గదిలో ఒక మూల ఒకటో తరగతి పిల్లవాడు పలక మీద అక్షరాలు దిద్దుతుంటే, మరో మూల అయిదో తరగతి పిల్ల భిన్నాల లెక్క చూపించడానికి నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇద్దరికీ టీచరు ఒక్కరే. హెడ్మాస్టరు గారి అనుమతితో మీ అమ్మాయి ఒక పూట అక్కడ కూర్చుని చూడాలి. ఆ పని మీద మనసు నిలిస్తే ధైర్యంగా చదివించండి.

బీఎడ్ చేసినవారు ఎస్జీటీ పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి డీఎడ్ మార్గమే సరైనది. డీఎడ్ ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి, మంచి ర్యాంకు వస్తే రాజమహేంద్రవరం దగ్గరి బొమ్మూరులో ఉన్న డైట్‌కు (ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థకు) ప్రాధాన్యం ఇవ్వండి. డీఎడ్ ముగిశాక టెట్‌కు (టీచర్ అర్హత పరీక్షకు) సిద్ధమవుతూనే డిగ్రీ కూడా పూర్తి చేయించండి. డీఎస్సీ ఆలస్యమైనా మరో ఉద్యోగానికి ఆ డిగ్రీ పనికివస్తుంది.