బస్టర్ కీటన్ సినిమాలు ఏ వరుసలో చూడాలి?

‘ది జనరల్’ అరగంటకే ఆపేశానని, మూకీల కాలపు హాస్యనటుడు కీటన్ గొప్పతనం ఏమిటో అంతుపట్టడం లేదని రాశారు. లోపం మీలో లేదండి, మొదలుపెట్టిన చోటులో ఉంది. 1926 నాటి ఆ సినిమాలో నవ్వులు నిదానంగా పేరుకుంటాయి. ముందు ఆయన పద్ధతి కంటికి అలవాటు కావాలి.

కాబట్టి ‘వన్ వీక్’ (1920) చూడండి, ఇరవై నిమిషాల చిత్రమే. కొత్త దంపతులు విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చిన ఇంటిని బిగించుకుంటారు. గిట్టనివాడు పెట్టెల మీది అంకెలు మార్చేయడంతో ఇల్లు వంకరటింకరగా లేస్తుంది.

తర్వాత ‘షెర్లాక్ జూనియర్’ (1924). నా దృష్టిలో మొదటి స్థానం దీనిదే. ప్రొజెక్టర్ నడిపే కుర్రాడు కలలో తెరలోకి నడిచి వెళ్తాడు. బెంచీ మీద కూర్చోబోతే దృశ్యం మారి వీధిలో పడతాడు. సముద్రంలోకి దూకితే మంచులో తలకిందులుగా దిగబడతాడు. కంప్యూటర్లు లేని కాలంలో, దూరాలు కొలుచుకుని, నిలబడిన చోటు తప్పకుండా తీసిన దృశ్యాలివి! నీళ్ల ట్యాంకు దగ్గరి సన్నివేశంలో ఆయన మెడ ఎముక విరిగింది, ఆ సంగతి ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు.

రెండో స్థానం ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928)ది. గాలివానకు ఇంటి ముందుగోడ మొత్తం ఆయన మీద కూలుతుంది, కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన చుట్టూ దిగుతుంది. అది నిజమైన బరువున్న గోడే. మూడోది ‘ది జనరల్’. అప్పుడు మళ్లీ చూడండి, పట్టాల మీది దుంగను మరో దుంగతో ఎగరగొట్టే ఘట్టం దగ్గర ఆపలేరు. ‘అవర్ హాస్పిటాలిటీ’, ‘ది నావిగేటర్’ ఆ తర్వాత ఎప్పుడైనా సరే.

మసకబారిన, బొమ్మలు మరీ వేగంగా పరుగులు తీసే నకళ్లు మాత్రం వద్దు. పునరుద్ధరించిన ప్రతినే వెతకండి.