బెంచీ మీది ఆటగాడి గురించి రాసే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇద్దరూ అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్‌లు, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు; ఎజెకియెల్ ఎలియట్ నీడలో టోనీ పోలార్డ్‌ను డాలస్ కౌబాయ్స్ జట్టు నాలుగేళ్లు వృథా చేసిందని వాదించావు. భాష బాగుంది, ఆవేదన నిజమైనది. కౌబాయ్స్ సాధన చేసే ఫ్రిస్కోలో ఇప్పుడు వీధి వీధికీ తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో పిల్లలు ఈ ఆట చూస్తూ పెరుగుతున్నారు, పెద్దలు పక్కన కూర్చుని అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్నారు. వాళ్లకు తెలుగులో ఈ ఆటను విప్పి చెప్పేవాళ్లు కావాలి. అందుకే నీకు ఇంత పొడవైన ఉత్తరం. నీ నిర్ణయంతో నాకు పెద్ద పేచీ లేదు. నువ్వు అక్కడికి చేరిన దారి మీదే నా అభ్యంతరం.

నీ వాదనంతా ఒక్క పోలిక మీద నిలబడింది. 2022లో పోలార్డ్ 193 సార్లు బంతి పట్టుకుని 1,007 గజాలు పరిగెత్తాడు, పరుగుకు సగటున 5.2 గజాలు. ఎలియట్ 231 సార్లు పరిగెత్తి 876 గజాలే సాధించాడు, సగటు 3.8. లెక్క సరైనదే. కానీ ఆ వెంటనే 'ఇక చెప్పడానికి ఏముంది' అని రాశావు. చెప్పవలసింది అక్కడే మొదలవుతుంది.

ఆ 231లో ఎన్ని గోల్ గీత దగ్గర జరిగాయో చూశావా? ఆ ఏడాది ఎలియట్ పరిగెత్తి 12 టచ్‌డౌన్లు చేశాడు, అంటే బంతిని గోల్ గీత దాటించాడు. ఆ గీతకు రెండు గజాల దూరంలో, అవతలి జట్టు మనుషులంతా గోడ కట్టినట్టు ఒకచోట నిలబడినప్పుడు, బంతి అతని చేతికి ఇచ్చేవారు. అక్కడ ఒక్క గజం సంపాదిస్తే పని నెరవేరినట్టే, కానీ సగటు మాత్రం దిగిపోతుంది. క్రికెట్ తెలిసిన మన పాఠకుడికి దీన్ని చెప్పడం కష్టం కాదు. చివరి మూడు ఓవర్లలో దిగి పది బంతుల్లో పాతిక పరుగులు చేసినవాడి వేగాన్నీ, కొత్త బంతిని ఎదుర్కొన్న ఓపెనర్ వేగాన్నీ పక్కపక్కన పెట్టి, వాడినే ఓపెనర్‌గా పంపాలంటే ఎవరూ ఒప్పుకోరు. నీ వ్యాసం ఆ పనే చేసింది.

ఈ తప్పు నేనూ చేశాను. 2023 మార్చిలో కౌబాయ్స్ ఎలియట్‌ను వదిలేసింది. పోలార్డ్‌ను ఫ్రాంచైజ్ ట్యాగ్ కింద, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని ఇంకో ఏడాది ఆపుకునే హక్కు కింద, దాదాపు 1.01 కోట్ల డాలర్లకు ఏడాదిపాటు అట్టే పెట్టుకుంది. ఆ వేసవిలో నేనూ ఉత్సాహంగా లెక్క కట్టాను. 193 సార్లకు వెయ్యి గజాలైతే 250 సార్లకు 1,300 గజాలు అని అచ్చులో పెట్టాను. ఆ ఏడాది అతను 252 సార్లు పరిగెత్తాడు. వచ్చినవి 1,005 గజాలు. సగటు 4.0. అదనంగా దొరికిన దాదాపు అరవై అవకాశాలకు ఒక్క గజం కూడా పెరగలేదు. ఆ ఏడాది మొదట్లో, జనవరిలో, ప్లేఆఫ్ (నాకౌట్) ఆటలో అతని ఎడమ కాలి ఎముక విరిగిందనీ, ఆ కాలు పూర్తిగా కుదుటపడటానికి సమయం పడుతుందనీ నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ లెక్కలోకి తీసుకోలేదు. నా మాట నమ్మి ఆ వ్యాసం దాచుకున్న పాఠకులు ఉన్నారు. వాళ్లకు నేను బాకీ పడ్డాను.

అలాగని సగటు తగ్గితే ఆటగాడు ఓడిపోయాడనుకోకు. మైకేల్ టర్నర్ సంగతి చూడు. శాన్ డియాగో జట్టులో మొదటి రన్నింగ్ బ్యాక్ లడేనియన్ టామ్లిన్‌సన్ వెనక నాలుగేళ్లు కూర్చుని 228 సార్లు పరిగెత్తి 1,257 గజాలు చేశాడు, సగటు 5.5. 2008లో అట్లాంటా జట్టు అతనికి మొదటి స్థానం ఇచ్చింది. మొదటి ఆటలోనే డెట్రాయిట్ మీద 220 గజాలు. ఏడాది మొత్తం 376 సార్లు, 1,699 గజాలు, 17 టచ్‌డౌన్లు. సగటు 4.5. అంటే అతనికీ ఒక గజం తగ్గింది! అయినా ఆ ఏడాది లీగ్‌లో అతనికంటే ఎక్కువ గజాలు పరిగెత్తినవాడు ఒక్కడే. పని భారం పెరిగితే సగటు దిగుతుంది. పోలార్డ్‌కు తగ్గిందీ, టర్నర్‌కు తగ్గిందీ ఇంచుమించు ఒకటే. తగ్గాక కూడా ఆట జట్టుకు పనికొచ్చిందా అన్నది చూడాలి.

ఒకటి రెండు ఆటలు చూసి మోసపోవడం ఇంకో ప్రమాదం. 2021లో మిన్నెసోటా జట్టులో మొదటి రన్నింగ్ బ్యాక్ డాల్విన్ కుక్ గాయపడినప్పుడు అలెగ్జాండర్ మాటిసన్ సియాటిల్ మీద 112 గజాలు, డెట్రాయిట్ మీద 113 గజాలు చేశాడు. చూసినవాళ్లందరూ ఇతన్ని ఎందుకు కూర్చోబెట్టారన్నారు. 2023లో కుక్ వెళ్లిపోయాక స్థానం అతనిదే అయింది. 180 సార్లు పరిగెత్తి 700 గజాలు చేశాడు, పరుగు టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. ఏడాది ముగిసేలోపే ఆ స్థానం చేజారింది. దూరపు కొండలు నునుపు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

అయితే ఏం చూడాలి? శిక్షకుడు అతనికి ఏ పని ఇవ్వడం లేదో చూడు. నీ వ్యాసంలో లేనిది ఇదే.

మూడో డౌన్, అంటే పది గజాలు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది. ఇంకా ఎనిమిది గజాలు కావాలి. బంతి విసురుతారని మైదానంలో అందరికీ తెలుసు. రన్నింగ్ బ్యాక్, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడి ఉంటాడు. బంతి వెనక్కి అందిన క్షణాన అవతలి జట్టు రక్షకుడు లైన్‌బ్యాకర్, మన ముందు వరసలోని సెంటర్‌కూ గార్డ్‌కూ మధ్య సందులోంచి దూసుకొస్తాడు. ఇప్పుడు మనవాడు బంతి వైపు చూడకూడదు. ఎవరు వస్తారో ముందే పసిగట్టి ఉండాలి. ఒక అడుగు ముందుకు వేసి, మోకాళ్లు వంచి, తనకంటే పాతిక ముప్పై పౌండ్లు బరువున్న మనిషి ఛాతీకి అడ్డుపడాలి. వెనక్కి జరిగి అడ్డుకుంటే ఇద్దరూ కలిసి క్వార్టర్‌బ్యాక్ మీదే పడతారు. రెండున్నర సెకన్లు నిలిపితే చాలు, బంతి వెళ్లిపోతుంది. ఆ పని చేసినవాడి పేరు ఏ పట్టికలోనూ ఎక్కదు. తప్పితే మాత్రం కోట్ల విలువైన క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. ఎలియట్ 228 పౌండ్ల మనిషి, ఈ పనిలో పేరు మోసినవాడు. పోలార్డ్ 209 పౌండ్లు. సగటు పడిపోయాక కూడా ఎలియట్ మైదానం వదలకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం. నీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యమూ లేదు.

జీతం ఇంకో కారణం. అక్కడ నీ కోపం న్యాయమైనదే. 2019లో ఎలియట్‌తో ఆరేళ్లకు 9 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అంత డబ్బు పోసినవాణ్ని కూర్చోబెట్టడమంటే ఒప్పందం చేసుకున్నవాళ్లు తప్పు ఒప్పుకున్నట్టే. ఈ మాట ధైర్యంగా రాయి. నీ దగ్గర దీనికి బలమైన సాక్ష్యం కూడా ఉంది, నువ్వే వాడుకోలేదు. 2022 అక్టోబరు 30న ఎలియట్ లేనప్పుడు షికాగో మీద పోలార్డ్ 14 సార్లకు 131 గజాలు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. అందులో 54 గజాల పరుగు ఒకటుంది. దాన్ని తీసేసి లెక్కకట్టు. 13 సార్లకు 77 గజాలు, దాదాపు ఆరేసి. పెద్ద పరుగు తీసేసినా నిలబడ్డ ఆట అది. ఒక్క ఆటే తీర్పు కాదు, కానీ ఇలా విప్పి చూసిన ఆట నీ వాదనకు ఉత్త సగటు కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఈ తీసివేత ఎందుకో నీకే తెలియాలంటే ఒక చిన్న పని చెయ్యి. ఒక ఆటగాడు పదిసార్లు పరిగెత్తి 4, 3, 5, 2, 4, 6, 3, 5, 4, 4 గజాలు చేశాడనుకో. ఇంకొకడు 1, 0, 2, 3, 1, 0, 2, 1 చేసి, ఒకసారి గజం వెనక్కి పోయి, ఒకసారి 31 గజాలు పరిగెత్తాడనుకో. ఇద్దరిదీ 40. ఇద్దరి సగటూ 4. మొదటివాడి జట్టుకు మూడో డౌన్‌లో ఎప్పుడూ రెండు మూడు గజాలే మిగులుతాయి. రెండోవాడి జట్టు తొమ్మిదిసార్లు ఇరుకున పడి, ఒక్కసారి గంతులేస్తుంది. రెండోవాడు చెడ్డ ఆటగాడని కాదు. అతను పక్కన ఇంకొకడు ఉంటే బాగా పనికొస్తాడు. అందుకే అంకెలు రాసేటప్పుడు వరసగా రాసుకో, కూడి రాయకు. ప్రతి పరుగు పక్కన మూడు గుర్తులు పెట్టు: ఎన్నో డౌన్, ఎన్ని గజాలు కావాలి, ఆట మొదలయ్యే గీత దగ్గర అవతలివాళ్లు ఎంతమంది ఉన్నారు. నా దగ్గర ఇలాంటి గళ్ల పుస్తకాలు పద్నాలుగు ఉన్నాయి. అందులో సగం పేజీలు ఏ వ్యాసానికీ ఎక్కలేదు, కానీ అవి లేకుండా ఒక్క వ్యాసమూ రాయలేదు.

తర్వాతి వ్యాసం రికో డౌడల్ మీద అన్నావు. మంచి ఎంపిక. 2020లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వేళ, ఏ జట్టూ ఎంచుకోని రన్నింగ్ బ్యాక్. 2024లో డాలస్‌లో 235 సార్లకు 1,079 గజాలు చేసినా జట్టు అతన్ని వెళ్లనిచ్చింది. కరొలైనా జట్టులో చూబా హబ్బర్డ్ వెనక చేరాడు. హబ్బర్డ్ గాయపడ్డాక 2025 అక్టోబరులో మయామీ మీద 206 గజాలు, మరుసటి వారం తన పాత డాలస్ మీదే 183. నీకు ఆ రెండు ఆటలతోనే మొదలుపెట్టాలనిపిస్తుంది, నాకు తెలుసు. వద్దు. ముందు 2024లో డాలస్ ఆడిన ఏవైనా నాలుగు ఆటలు తీసుకుని మూడో డౌన్లు మాత్రమే చూడు. అతను మైదానంలో ఉన్నాడా, ఉంటే ఎటు చూస్తున్నాడు, ఎవరికి అడ్డుపడ్డాడు అన్నది రాసుకో. ఆ కాగితాలు వ్యాసం కంటే ముందు నాకు పంపు.

ప్రేమతో,
మీ అన్నయ్య