ఉచిత అనలిటిక్స్‌కు వెల కడుతున్నది సందర్శకులే

చిన్న వెబ్‌సైటుకు ఎంతమంది వస్తున్నారో తెలుసుకోవడానికి ఉచిత అనలిటిక్స్ (సందర్శకులను లెక్కించే సేవ) పెట్టుకుంటే తప్పేమిటని మీరు అడిగారు. లెక్క తెలుసుకోవడంలో తప్పేమీ లేదు. ఆ లెక్క కోసం సందర్శకుల కదలికలను, వారిని మాటమాత్రమైనా అడగకుండా, వేరొక సంస్థకు అప్పగించడం మాత్రం తప్పేనని నా దృఢాభిప్రాయం.

మానసిక ఆరోగ్యంపై వ్యాసాలు, సలహాలు ప్రచురించే ఒక సైటును నాకు తెలిసినవారు సేవాభావంతో నడుపుతున్నారు. అందులో ప్రకటనలు కూడా ఉండవు. పేజీలు ఆలస్యంగా తెరుచుకుంటున్నాయని, కారణం చూడమని ఒకసారి నన్ను అడిగారు. బ్రౌజరులో నెట్‌వర్క్ ప్యానెల్ (పేజీ నుంచి ఏ సర్వరుకు ఏం వెళ్తున్నదో చూపే భాగం) తెరిచి ఉంచి, ఆ సైటులోని శోధన పెట్టెలో 'ప్రసవం తర్వాత దిగులు' అని టైపు చేశాను. ఆ మాటలు పేజీ చిరునామాలో చేరాయి. మరుక్షణమే ఆ చిరునామా మొత్తం, నా బ్రౌజరుకు కేటాయించిన గుర్తింపు సంఖ్యతోనూ తెర కొలతలు, భాష వంటి వివరాలతోనూ కలిసి, అనలిటిక్స్ సంస్థ సర్వరుకు వెళ్లిపోయింది. ఇంట్లోవారికి సైతం చెప్పుకోలేని బాధను ఒక తల్లి ఆ పెట్టెలో రాసుకుంటే, అది ఆమె ఎన్నడూ వినని ఒక సంస్థకు చేరుతుందన్నమాట. నిర్వాహకులకు ఇదేమీ తెలియదు. ఆ సంస్థ ఇచ్చిన నాలుగు పంక్తుల స్క్రిప్టును (చిన్న ప్రోగ్రామును) పేజీలో అతికించడం తప్ప వారు చేసింది లేదు.

పేరు లేదు కాబట్టి నష్టం లేదని కొందరు వాదిస్తారు. ఆ వాదన నిలవదు. ఇలాంటి ఉచిత సేవల్లో ఒకటైన గూగుల్ అనలిటిక్స్ ప్రధాన కుకీ (గుర్తింపు సంఖ్యను బ్రౌజరులో దాచే చిన్న ఫైలు) గడువు మామూలుగా 2 సంవత్సరాలు. అంతకాలం ఒకే సంఖ్య వెంట ఒక మనిషి చదివినవన్నీ పోగుపడుతుంటే, పేరు లేకపోవడం పెద్ద రక్షణ కాదు. అంతవరకు డబ్బిచ్చి కొనవలసిన అర్చిన్ అనే సాధనాన్ని, దాన్ని తయారుచేసిన సంస్థతో సహా గూగుల్ 2005లో కొని, అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్ పేరుతో ఉచితంగా అందరి ముందూ పెట్టింది. ప్రకటనల వ్యాపారం మీద బతికే సంస్థ ఇంత ఖర్చును ఊరికే భరిస్తుందని నేను నమ్మను.

2022 జనవరిలో ఆస్ట్రియా సమాచార రక్షణ సంస్థ గూగుల్ అనలిటిక్స్ వాడకం యూరప్ చట్టానికి విరుద్ధమని తేల్చింది కూడా ఒక ఆరోగ్య సమాచార సైటు విషయంలోనే. అదే ఏడాది ఫ్రాన్స్, ఇటలీ సంస్థలూ అదే నిర్ణయానికి వచ్చాయి. సమాచారం అమెరికాకు తరలడమే అక్కడ ప్రధాన అభ్యంతరం కాగా, 2023 జులైలో యూరప్, అమెరికాల మధ్య కుదిరిన కొత్త ఏర్పాటుతో ఆ చిక్కు చాలావరకు సడలింది. నా అభ్యంతరం మాత్రం సడలలేదు, ఎందుకంటే సర్వరు ఏ దేశంలో ఉన్నా ఆ తల్లిని అడిగినవారు లేరు.

సైటు తెరవగానే కుకీలకు ఒప్పుకుంటారా అని అడిగే అనుమతి పెట్టెలు ఉన్నాయి కదా అంటారేమో. చాలా సైట్లలో 'అన్నీ అంగీకరిస్తున్నాను' అన్న మీట పెద్దదిగా కళ్లెదుట ఉంటుంది, నిరాకరించే మార్గం మూడు పేజీల వెనుక దాగి ఉంటుంది. దీన్ని అనుమతి అనడం అన్యాయం. నిరాకరించడాన్ని కష్టతరం చేసినందుకే ఫ్రాన్స్ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా విధించింది.

మీకు కావలసిన లెక్క చాలావరకు మీ సర్వర్ లాగ్‌లలోనే (ఏ పేజీ ఎప్పుడు తెరిచారో సర్వరు రాసుకునే చిట్టాల్లోనే) ఉంటుంది. బాట్‌ల (మనుషులు కాక, తమంతట తామే సైట్లు తెరిచే ప్రోగ్రాముల) రాకను తీసివేసి చూసుకోవాలి, అంతే. ఇంకొంచెం వివరం కావాలంటే మటోమో వంటి అనలిటిక్స్ సాధనాన్ని మీ సొంత సర్వరులోనే నడుపుకోవచ్చు. నాకు తెలిసినవారు ఆ స్క్రిప్టును తొలగించి, శోధన పదాలు చిరునామాలో కనబడకుండా మార్చుకున్నారు. ఏ వ్యాసాన్ని ఎక్కువమంది చదువుతున్నారో వారికి ఇప్పటికీ తెలుస్తూనే ఉంది. మీరు కూడా ముందుగా మీ సైటును సందర్శకుల్లాగే తెరిచి, ఏయే సర్వర్లకు ఏమేమి వెళ్తున్నదో నెట్‌వర్క్ ప్యానెల్‌లో చూడండి. శోధన పెట్టె, సంప్రదింపు ఫారం ఉన్న పేజీలతో మొదలుపెట్టండి.