గవర్నమెంట్ కాంట్రాక్టర్ల ఇన్‌కర్డ్ కాస్ట్ ఆడిట్ అంత భయంకరమా?

మీరు వర్జీనియాలో చిన్న డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర అకౌంటెంటుగా చేరారు, పోయినేడు అయిన ఖర్చుల లెక్క (ఇన్‌కర్డ్ కాస్ట్ సబ్మిషన్) ప్రభుత్వానికి ఇవ్వాల్సిన జూన్ 30 దగ్గర పడుతోంది, దాన్ని ఆడిట్ చేసే డీసీఏఏ (రక్షణ శాఖ ఆడిట్ సంస్థ) వాళ్లొస్తే ఏం చేస్తారో అని నిద్ర పట్టట్లేదన్నారు. నాకూ మొదటి రెండేళ్లు పట్టలేదు. ఇప్పుడైతే నా భయమంతా ఓనరు గారి క్రెడిట్ కార్డు మీదే.

నేను అప్పట్లో పనిచేసిన కంపెనీ ఓనరు గారు మనవాళ్లే, కృష్ణా జిల్లా. చెయ్యి పెద్దది. ఆ ఏడు ఆడిటరమ్మ జీ అండ్ ఏ (ఆఫీసు నడిపే సాధారణ ఖర్చుల) లెడ్జర్‌లోంచి కొన్ని ఎంట్రీలు ఏరి బిల్లులు అడిగింది. అందులో ఒకటి 1,116 డాలర్లు, పక్కన ‘బిజినెస్ డెవలప్‌మెంట్’ అని ఉంది. రసీదు తీస్తే గుడిది!

ఆవిడకి గుడి సంగతి తర్వాత, ముందు అంకె మీద అనుమానమొచ్చింది. పెద్ద బిల్లేదో విడగొట్టి ఇక్కడ కొంత వేశారా అని. వెయ్యిన్నూటపదహార్లంటే ఏమిటో, సున్నాతో ముగించి ఎందుకివ్వమో ఇంగ్లీషులో చెప్పడానికి పావుగంట పట్టింది. ఓనరు గారు ఊరుకోకుండా, ‘గుడికొచ్చేవాళ్లలో సగం మంది మన ప్రాజెక్టుల వాళ్లే కదమ్మా, అది చెప్పు’ అని తెలుగులో నాకు అందిస్తున్నారు. ఆవిడ అంతా ఓపిగ్గా విని ఒక్క ముక్క రాసుకుంది: విరాళం, ఫార్ (ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనలు) 31.205-8. దేవుడికిచ్చినా అనాథాశ్రమానికిచ్చినా విరాళాన్ని ప్రభుత్వం లెక్కలో వెయ్యడం చెల్లదు, అంతే.

ఇలా చెల్లదని రూల్లోనే రాసున్న ఖర్చు క్లెయిములో దొరికితే, దాన్ని కొట్టేయడంతో ఆగదు. ప్రభుత్వం నెత్తిన పడిన వాటా ఎంతో అంత పెనాల్టీ, పైన వడ్డీ. మాది 10,000 డాలర్ల లోపే కాబట్టి మాఫీ అయింది. కానీ ఒకటి దొరికాక ఆవిడ ఊరుకుంటుందా? ఏడాది కార్డు స్టేట్‌మెంట్లన్నీ అడిగింది. ట్రావెల్ బిల్లుల్లో వైన్ బయటపడింది. మందు కూడా చెల్లదు, అది 31.205-51. మూడు వారాలు నేను వేరే పని ముట్టుకుంటే ఒట్టు.

అందుకే చెప్తున్నా, ఆ ఐసీఈ (ఈ లెక్క నింపడానికి డీసీఏఏ ఇచ్చే) ఎక్సెల్ షీట్లు చూసి బెదరకండి. షెడ్యూల్ హెచ్ (కాంట్రాక్టు వారీ ఖర్చులు), ఐ (క్లెయిమ్ చేసినవి, బిల్లు వేసినవి) కలవకపోతే రెండ్రోజులు కూర్చుంటే కలుస్తాయి. చెల్లని ఖర్చులకి విడిగా ఒక ఖాతా తెరిచి, బిల్లొచ్చిన రోజే అందులో పడెయ్యండి. జూన్‌లో ఏరదామనుకుంటే అయ్యే పని కాదు. ఓనరు గారు గొణిగితే షెడ్యూల్ ఎన్ అనే సర్టిఫికెట్ చూపించండి. చెల్లనివేవీ ఈ లెక్కలో లేవని దాని మీద సంతకం పెట్టాల్సింది ఆయనో, సీఎఫ్ఓ స్థాయి వాళ్లో. మీరు కాదు.

ఇంకోటి, మీరు అదృష్టవంతులు. ఒకప్పుడు ఐదారేళ్ల కిందటి బిల్లులడిగేవారు, అప్పటికి వాటిని పోస్ట్ చేసినవాళ్లు ఏ కంపెనీలో ఉన్నారో కూడా తెలిసేది కాదు. 2018 ఆర్థిక సంవత్సరపు డిఫెన్స్ చట్టం తర్వాత, సరైన సబ్మిషన్ అందిన ఏడాదిలోపు ఆడిట్ తేల్చాలి. చిన్నవాళ్లని చాలాసార్లు లో రిస్క్ అని ఆడిట్ లేకుండానే వదిలేస్తారు కూడా.

నాకు అసలు మండేది మన ఇంజనీర్ల టైంషీట్ల మీద. ఏ రోజు గంటలు ఆ రోజే వెయ్యండి బాబూ అని మెయిల్ మీద మెయిల్ పెడతాను. శుక్రవారం సాయంత్రం పార్కింగ్‌లో కారెక్కుతూ ఫోన్‌లో ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. ఆడిటర్లు చెప్పకుండా, ఎవరు ఏ పని మీద ఉన్నారో, గంటలు సరిగ్గా వేశారో చూసే ఫ్లోర్ చెక్‌కి వస్తారని చెప్తే, ‘వస్తే చూద్దాంలే అక్కా’ అంటారు.