విరాళాల సంగతి తరువాత, ముందు హాలు అద్దాలు చూడండి

"శరణార్థుల సహాయార్థం ముస్లిం మహిళలతో జట్టు ఆటల పోటీ పెట్టాలనుకుంటున్నాము, విరాళాలు ఎలా సేకరించాలి?" అని మీరు అడిగారు. విరాళాలు వస్తాయి, ఆడేవాళ్లు రావడమే కష్టం, అది కూడా మతం వల్ల కాదు, హాలు వల్ల.

పల్నాడులో నూర్‌బాషా కుటుంబంలో పుట్టి, జిల్లా పరిషత్ పాఠశాలలో టెన్నికాయిట్ ఆడి పెరిగిన నేను, పెళ్లయి ఇంగ్లండులోని లెస్టర్‌కు వచ్చిన కొన్నేళ్లకు ఇలాంటి పోటీ నిర్వహించాను. బాస్కెట్‌బాల్‌లా ఎత్తున ఉన్న వలయంలో బంతి వేసే నెట్‌బాల్‌ను ఎంచుకున్నాము. బంతిని మూడు సెకన్లలోపు విసిరేయాలి, పట్టుకుని పరుగెత్తకూడదు, ఒకరినొకరు తోసుకోకూడదు. చిన్నప్పుడు త్రోబాల్ ఆడిన చేతులకు అది త్వరగానే పట్టుబడుతుంది.

నవంబరులో అక్కడ మధ్యాహ్నపు జుహర్ నమాజుకూ, దాని తరువాతి అసర్ నమాజుకూ మధ్య సుమారు రెండు గంటలే ఉంటాయి కనుక, ఆరు జట్లను రెండు గుంపులుగా విడదీసి, ఫైనల్‌తో కలిపి ఏడు మ్యాచులు, ఒక్కొక్కటి 14 నిమిషాలు అని లెక్క వేసుకున్నాము. లెక్క బాగానే ఉంది. హాలుకు వెళ్లి చూస్తే ఒకవైపు గోడంతా అద్దమే, దాని అవతల మగవాళ్లు బరువులెత్తుతున్నారు. ఆడవాళ్లకే కేటాయించాలని మేము అడిగితే సరేనన్న హాలు నిర్వాహకులకు ఆ అద్దం గుర్తుకే రాలేదు. ఇంటి నుంచి దుప్పట్లు తెప్పించి టేపుతో అంటించాము, మూడుసార్లు జారిపడ్డాయి. అప్పటికే సగం మంది కోట్లు విప్పకుండా గోడవారగా కూర్చుండిపోయారు. మా అతిథిగా వచ్చిన ఒక సిరియా మహిళ బకెట్టులో సబ్బునీళ్లు కలిపి, పాత వార్తాపత్రికలను ముంచి ఒక్కొక్కటే అద్దానికి పరచుకుంటూ పోయింది. పావుగంటలో గోడంతా కప్పేసింది, ఒక్క కాగితమూ ఊడలేదు.

తరువాత స్కార్ఫు పిన్నుల పేచీ. పిన్నుతో ఎవరినీ కోర్టులోకి రానివ్వనని అంపైరు పట్టుబట్టింది, అది న్యాయమే. తలగుడ్డను ఫుట్‌బాల్‌లో 2014లో, బాస్కెట్‌బాల్‌లో 2017లో అంతర్జాతీయంగా అనుమతించారని వాదించడానికి మాలో ఒకరు సిద్ధమయ్యారు కానీ, అక్కడ తగువు గుడ్డతో కాదు, సూదితో. పిన్నులన్నీ ఒక టిఫిన్ డబ్బా మూతలో పోయించి, స్కార్ఫు కొసలను వెనక్కి తిప్పి చొక్కాలోకి దోపించాము.

ఇక మీరు అడిగిన డబ్బు. ప్రవేశ రుసుమును హాలు అద్దెకు వాడండి. ఆడేవాళ్ల పేరిట బంధుమిత్రులు ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను నేరుగా నమోదైన ధార్మిక సంస్థకు పంపించండి. పన్ను కట్టే దాతలైతే గిఫ్ట్ ఎయిడ్ అనే బ్రిటన్ ప్రభుత్వ పథకం కింద ప్రతి పౌండుకూ మరో 25 పెన్నీలు ఆ సంస్థకు చేరతాయి, ప్రవేశ రుసుముకు అది వర్తించదు. జకాత్ (ముస్లింలు విధిగా ఇచ్చే దానం) డబ్బును హాలు ఖర్చుల్లో కలపకుండా వేరే పెట్టెలో ఉంచండి. మా పెద్దలు కొందరు సమోసాల దుకాణానికి ధారాళంగా ఇచ్చి, "ఈ వయసులో బంతాటలా అమ్మా?" అని మా స్పాన్సర్ కాగితాలను మాత్రం పక్కన పెట్టేశారు. వారితో వాదించకండి, సమోసాలు ఇంకా వేయించండి.

శరణార్థులను వేదిక ఎక్కించి కన్నీటి కథలు చెప్పించడం నాకు ససేమిరా నచ్చదు. వారిని జట్టులో చేర్చుకోండి, బస్సు చార్జీలు మీరే ఇవ్వండి. ఆశ్రయం కోరి దరఖాస్తు పెట్టుకున్నవారికి బ్రిటన్‌లో సాధారణంగా పని చేసే అనుమతి ఉండదు, సొంతంగా వండుకునే వసతిలో ఉన్నవారికి ప్రభుత్వం నుంచి వారానికి దక్కేది మనిషికి 50 పౌండ్లలోపే. కాగితాలు అంటించిన ఆ మహిళకు మేము గోల్‌కీపర్ చొక్కా తొడిగించాము. ఫైనల్‌లో ఆమె జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. అందరూ సమోసాల దగ్గరికి పోతే ఆమె మాత్రం అద్దం మీద ఎండిపోయిన కాగితాలను గోటితో గీకుతూ, "వచ్చేసారి హాలు చూడటానికి నన్ను కూడా తీసుకువెళ్లండి" అంది.