బూరెను తీసుకుని గులకరాళ్ల తీరానికి వెళ్లే ముందు

చి. సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే ఆదివారం నీ కుక్క బూరెను తీసుకుని షింగిల్ స్ట్రీట్‌కి వెళ్తున్నానని నువ్వు చెప్పగానే సంతోషం వేసింది, కాస్త టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో అన్నీ చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మన భీమిలి సముద్రం వేరు, ఇది వేరు. అక్కడ ఇసుక. కుక్కని వదిలేస్తే అంత దూరం పరుగెత్తి తిరిగొస్తుంది, కాళ్లకేమీ కాదు. ఇంగ్లండ్‌లో, సఫోక్ తీరంలోని ఈ ఊళ్లో కాలు పెట్టిన చోటల్లా గులకరాళ్లే. కారు రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. ఒక వరస ఇళ్లు, నెపోలియన్ దండెత్తి వస్తాడన్న భయంతో 19వ శతాబ్దం మొదట్లో కట్టిన గుండ్రటి మార్టెల్లో టవర్, ఆపైన రాళ్లు, సముద్రం. 1940లో యుద్ధం వల్ల ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. ఇప్పటికీ అక్కడ అలికిడి తక్కువే. కొట్టు ఉంటుందని, టీ దొరుకుతుందని అనుకోకు. అన్నీ ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

ముందు ఒక మాట గుర్తు పెట్టుకో. అక్కడికి నడవడానికి వెళ్లకు. కూర్చోవడానికి వెళ్లు.

ఈ సంగతి నాకు మా కుక్క రాజు వల్ల తెలిసింది. వాడు చిన్నగా ఉన్నప్పుడు మేము ఆ రాళ్ల మీద గంటన్నర నడిపించేవాళ్లం. ఎంత నడిస్తే అంత మంచిదనుకున్నాం. ఒకరోజు ఇంటికొచ్చాక వాడు ముందు కాళ్లు నాకుతూనే ఉన్నాడు. చూస్తే పాదాల మెత్తలు గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. దారిలో ఒక్కసారి కూడా కుంటలేదు, ఆగలేదు. మనం నడుస్తుంటే కుక్క నొప్పి ఓర్చుకుని మరీ వెంట వస్తుందే తల్లీ. ఆ రోజు నేను ఏడ్చాను. తర్వాత ఎప్పుడు వెళ్లినా పావుగంట నడక, మిగతాదంతా కూర్చోవడమే. పదకొండేళ్ల వయసులో వాడికి కీళ్ల నొప్పులు వచ్చాక ఆ పావుగంట కూడా మానేశాం. కారుకి దగ్గర్లోనే దుప్పటి పరిచి, మీ పెదనాన్న ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో వాడు. ముక్కు గాలికి ఎత్తి గంటసేపు అలాగే పడుకునేవాడు. కుక్కకి కాళ్లకన్నా ముక్కుకే ఎక్కువ పని కావాలి. ఆ గాలిలో చేప వాసన, నాచు వాసన, ఎక్కడో పడవ వాసన, అన్నీ దానికి వార్తలే. వాడితో గడిపిన మంచి రోజులు చెప్పమంటే నేను అవే చెబుతాను.

కాబట్టి బూరెకి మొదటిసారి పది పదిహేను నిమిషాల నడక చాలు. ముందు కాళ్ల లోపలి వైపు కాస్త పైన ఒక గోరు ఉంటుంది చూడు, అది రాళ్ల మధ్య ఇరుక్కుని చీలే ప్రమాదం ఉంది. వెళ్లే ముందే అది మరీ పెరగకుండా కత్తిరించు. వచ్చాక నాలుగు పాదాలూ మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో చిన్న రాయి ఏదైనా ఉందేమో వేలు పెట్టి చూడు. ఉప్పు ఆరిపోతే చర్మం మండుతుంది.

రాళ్లు మాత్రం ఎప్పుడూ విసరకు. ఆడించడానికి చేతిలో ఇంకేమీ లేకపోయినా సరే. మేము ఒకసారి విసిరాం. రాజు గాల్లోనే పట్టుకున్నాడు, కోరపన్ను విరిగింది, మత్తు ఇచ్చి పీకించాల్సి వచ్చింది. రాయి మింగితే ఇంకా ఘోరం, పేగుకి అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. మెత్తటి తాడు బొమ్మ ఒకటి తీసుకెళ్లు.

ఇక సముద్రం. భీమిలిలో నీళ్లు మోకాలు, నడుము అంటూ మెల్లగా లోతవుతాయి. ఇక్కడ గట్టు నిటారుగా దిగుతుంది, నాలుగు అడుగులు వేసేసరికే లోతు. అల వెనక్కి పోతూ రాళ్లని కూడా లాక్కుపోతుంది. ఆ గలగల వినడానికి చాలా బాగుంటుంది. కానీ అదే సమయంలో కుక్క కాళ్ల కింద నేల జారిపోతూ ఉంటుంది, పైకి ఎక్కుదామంటే పట్టు దొరకదు. ఉత్తరాన ఓర్ నది సముద్రంలో కలిసే చోట నీటి వేగం మరీ ఎక్కువ. ఆ వైపు బూరెని నీళ్లలో దిగనివ్వకు. ఒకవేళ ఎక్కడైనా అల లాక్కెళ్తే, నీ ప్రాణం కొట్టుకుంటుందని నాకు తెలుసు, అయినా వెనక దిగొద్దు. సముద్రంలో చిక్కుకున్నవాళ్లని కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ లైఫ్‌బోట్ వాళ్లు పదే పదే చెప్పేది ఇదే. కుక్క చాలాసార్లు తనే ఈదుకుని వచ్చేస్తుంది, దాని వెనక దిగిన మనిషి ప్రమాదంలో పడతారు. గట్టు వాలు తక్కువగా ఉన్న చోటికి వెళ్లి పేరు పెట్టి పిలుస్తూ ఉండు. అత్యవసర నంబర్ 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడుగు. నాకు మాటివ్వు సుధా.

దాహమేస్తే అది సముద్రపు నీళ్లు తాగుతుంది. కొంచెం తాగితే వాంతులు, విరేచనాలు. ఎక్కువ తాగితే తూలడం, ఫిట్స్ కూడా రావచ్చు. రెండు లీటర్ల మంచినీళ్లు, గిన్నె పట్టుకెళ్లి, అడక్కముందే మాటిమాటికీ తాగించు.

ఒడ్డున పడి ఉన్నది ఏదీ నోట పెట్టనివ్వకు. 2018 జనవరి ప్రాంతంలో, తుఫాను తర్వాత, ఇంగ్లండ్ తూర్పు తీరంలో కొట్టుకొచ్చిన చేపలు, స్టార్‌ఫిష్‌లు తిన్న కుక్కలు చనిపోయాయి. వాటిలో ఒంటిని చచ్చుబడేలా చేసే విషం ఉందని పరీక్షల్లో తేలింది. తెల్లగా మైనంలా ఉండే పామాయిల్ ముద్దలు కూడా ఓడల నుంచి పడి అప్పుడప్పుడూ ఒడ్డుకొస్తాయి, వాటి వాసనకి కుక్కలు ఆగలేవు. చేపలు పట్టేవాళ్లు కూర్చునే చోట గాలాలు ఉంటాయి. గాలం మింగి దారం బయటికి వేలాడుతుంటే లాగకు, అలాగే వెట్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

ఇది మే నెల కదా, అన్నింటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పక్షుల విషయంలో. లిటిల్ టెర్న్ అని గుప్పెడంత పక్షి, పశ్చిమ ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చి ఇలాంటి రాళ్ల మీదే గుడ్లు పెడుతుంది. గూడు కట్టదు, చిన్న గుంట చేసుకుంటుందంతే. గుడ్డు అచ్చం గులకరాయిలాగే ఉంటుంది, కాలు పడేదాకా మనకి తెలియదు. రింగ్డ్ ప్లవర్ అని ఇంకొకటి ఉంది. కుక్క దగ్గరికొస్తే రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ దూరంగా పోతుంది, పిల్లల మీద నుంచి దృష్టి మళ్లించడానికి. నేను మొదటిసారి చూసినప్పుడు దానికి దెబ్బ తగిలిందనుకుని కంగారుపడ్డాను. తల్లి అంతసేపు గుడ్లు వదిలి ఉంటే అవి చల్లబడిపోతాయి. ఆగస్టు చివరిదాకా బూరెకి లీష్ తీయకు. తాళ్లు కట్టి బోర్డు పెట్టిన చోటికి వెళ్లనే వెళ్లకు. రాళ్ల మధ్య క్యాబేజీలా దళసరి ఆకులతో తెల్లగా పూసే మొక్కలు కనిపిస్తాయి, వాటిని సీ కేల్ అంటారు. వాటిని కూడా తొక్కనివ్వకు, అంత ఉప్పు గాలిలో అవి వేళ్లూనుకోవడమే గొప్ప.

పూలకుండీల్లోకి రాళ్లు తెచ్చుకుంటానన్నావు. వద్దమ్మా. ఆ రాళ్లే ఊరికి గట్టు.

ఇళ్ల ముందు నుంచి సముద్రం వైపు తెల్లటి గవ్వల వరస ఒకటి సాగుతూ కనిపిస్తే అక్కడ కాసేపు ఆగు. 2005లో ఇద్దరు చిన్ననాటి స్నేహితురాళ్లు, ఇద్దరూ కేన్సర్ చికిత్స అయ్యాక ఇక్కడికి వచ్చి, రోజూ నడుస్తూ ఒక్కొక్క గవ్వే పేర్చారు. చెదిరినప్పుడల్లా మళ్లీ పేరుస్తూ వచ్చారు. అక్కడ లీష్ కురచగా పట్టుకుని బూరెని పక్క నుంచి నడిపించు. ఆ గవ్వల వరసకి ఒకవైపుగా, ఇళ్లకి కాస్త కిందగా దుప్పటి పరుచుకో, అక్కడ గాలి తక్కువ తగులుతుంది. మేము కూర్చునేది కూడా అక్కడే.

శనివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. పోటు ఎన్నింటికో చూసి పెడతాను, నీళ్లు వెనక్కి తీసే వేళకి బయలుదేరుదువుగాని. దారిలో ఇప్స్‌విచ్‌లో మా ఇంటి దగ్గర ఆగి పులిహోర డబ్బా తీసుకెళ్లు. బూరెకి విడిగా ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ పెట్టిస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ