డాక్టర్ సలహా: పొద్దున్నే లేవాలన్న నియమం ఐదో రోజుకే ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్-2కి చదువుతున్నాను. 5 గంటలకు లేవడం, వాకింగ్, ధ్యానం, టైమ్‌టేబుల్ ప్రకారం చదువు అని రాసి పెట్టుకుంటాను. నాలుగు రోజులు నడుస్తుంది. ఐదో రోజు మళ్లీ 8:30కే మెలకువ. రాత్రి 2 అయితే గానీ నిద్ర పట్టదు. నాకు పట్టుదల లేదని ఇంట్లో అంటున్నారు. విటమిన్ మాత్రలు వాడితే మార్పు వస్తుందా?

జవాబు: ముందు లెక్క చూడండి. 2కి పడుకుని 5కి లేస్తే దక్కేది 3 గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. రోజుకు 4 గంటల చొప్పున నాలుగు రోజుల్లో 16 గంటల బాకీ పడుతోంది. ఐదో రోజు శరీరం ఆ బాకీ వసూలు చేసుకుంటోంది, అంతే. దీన్ని పట్టుదల లోపం అనడం అన్యాయం. విటమిన్ లోపం లేనివాళ్లకు మాత్రలతో ఒరిగేదేమీ లేదు.

8:30కి లేచే అలవాటున్న శరీరానికి 5 గంటలంటే ఇంకా నడిరాత్రే. ఒంటి ఉష్ణోగ్రత బాగా తగ్గి ఉండే సమయం అది. అప్పుడు లేచి ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే నిద్ర, మెలకువ వేళల్ని నడిపే ఒంటి లోపలి గడియారం ముందుకు జరక్కపోగా, ఇంకా వెనక్కి పోయే, అంటే నిద్ర మరింత ఆలస్యమయ్యే అవకాశం ఉంది. అందుకే ఒక్కసారిగా 5కి దూకొద్దు. అసలు 5 ఎందుకు? పరీక్ష 10 గంటలకు మొదలవుతుంది. రాత్రి 11కి పడుకుని 6కి లేస్తే మీకు సరిపోతుంది.

ఈ నెలంతా ఒకే ఒక్క పని పెట్టుకోండి: లేచే టైమ్. వాకింగ్, ధ్యానం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అలారం మొదటి మూడు రోజులు 8:15కి, తర్వాత మూడు రోజులు 8 గంటలకు, అలా మూడేసి రోజులకు 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. సుమారు 30 రోజుల్లో 6కి వస్తారు. లేచిన అరగంటలోపు మేడ మీదకో, వీధిలోకో వెళ్లి 20 నిమిషాలు ఆరుబయట ఉండండి. మబ్బు పట్టినా ఫర్వాలేదు, గదిలో లైటు కంటే బయటి వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ. చాలామంది ఆదివారం దగ్గర దెబ్బతింటారు. ఆ రోజు కూడా గంటకు మించి ఆలస్యంగా లేవొద్దు. లేస్తే వారమంతా జరిపింది ఒక్క పూటలో పోతుంది.

రాత్రి ఎన్నింటికి పడుకోవాలన్నది బలవంతం చేయకండి. నిద్ర రాకముందే మంచమెక్కి దొర్లితే మంచం అంటేనే ఆందోళన మొదలవుతుంది. 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి, తక్కువ వెలుతురులో కూర్చుని, కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ పడుకోండి. హాస్టళ్లలో ఒక ఇబ్బంది ఉంది: చదువు, తిండి, ఫోను, నిద్ర అన్నీ మంచం మీదే. పుస్తకం మాత్రం కుర్చీలోనో, కింద చాప మీదో, స్టడీ హాల్లోనో పట్టుకోండి. ఇప్పుడు దిండు పక్కన ఉండే ఛార్జర్ తీసి, లేచి నడిస్తే గానీ చెయ్యి అందని ప్లగ్గుకు పెట్టండి. అలారం ఆపడానికి లేవక తప్పదు, అర్ధరాత్రి రీల్స్ చూడటమూ తగ్గుతుంది.

టీ సంగతి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. రాత్రి 9కి స్నేహితులతో తాగిన టీ 2 గంటలకు కూడా సగం పనిచేస్తూనే ఉంటుంది. చివరి టీ మధ్యాహ్నం 2కే ముగించండి. పగలు తూగుతుంటే మధ్యాహ్నం 3 లోపు 20 నిమిషాలు కునుకు తీయొచ్చు, అలారం పెట్టుకుని.

లేచే టైమ్ కుదిరాక రెండో అలవాటు చేర్చండి. టైమ్‌టేబుల్లో ఇన్ని గంటలకని రాసుకోవడం కంటే, రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించడం నయం: పళ్లు తోముకోగానే చెప్పులేసుకుని 10 నిమిషాలు నడక. మొదట్లో అంతకు మించి వద్దు. గంట నడవాలని పెట్టుకుంటే వాన పడిన రోజు పూర్తిగా మానేస్తారు.

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో వెల్లడించిన అధ్యయనంలో, అలవాటు స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా కనిపించింది. ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టం లేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి తప్పిన మర్నాడు అదే టైమ్‌కి లేవండి. సోమవారం నుంచి కొత్తగా మొదలుపెడదామని వాయిదా వేయొద్దు.

నిద్ర కోసం అల్‌ప్రజోలం, మెలకువగా ఉండటానికి మోడాఫినిల్ వంటివి ఎవరో చెప్పారని కొని వాడకండి. మొదటిదానికి బానిసలయ్యే ప్రమాదం ఉంది. రెండోది నిద్ర బాకీని తీర్చదు, కప్పిపెడుతుంది.

మూడు వారాలు 7 గంటలు నిద్రపోయినా నిస్సత్తువ పోకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ (టీఎస్‌హెచ్), బీ12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని రూమ్మేట్ చెబితే వెంటనే డాక్టర్ని కలవండి. రెండు వారాలకు పైగా దిగులు, ఇష్టమైన వాటి మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది అలవాట్ల సమస్య కాదు. మానసిక వైద్యుల్ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.